డౌనింగ్ వీధికి చేరిన పిఠాపురం మాట

ఓ ట్రంకు పెట్టె, ఓ గడ్డివాము. రెండు తెలుగు హత్యలు లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి భారత సాక్ష్య చట్టానికి అర్థం చెప్పించాయి. లా కాలేజీలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఆ కేసుల పేర్లు కంఠతా వచ్చు. వాటి వెనక కథ తెలిసినవాళ్లు తక్కువ.

1937 మార్చి 23, మంగళవారం. మిట్టమధ్యాహ్నం వేళ పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఒక స్టీలు ట్రంకు మిగిలిపోయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే శాఖా మార్గంలో పూరీయే ఆఖరి స్టేషను. బండి అక్కడి నుంచి ముందుకు పోదు. దిగాల్సినవాళ్లంతా దిగిపోయారు. ట్రంకు నాదంటూ ఎవరూ రాలేదు. తెరిచి చూస్తే అందులో మనిషి ఉన్నాడు, ఏడు ముక్కలుగా.

ఎవరో తెలియడానికి కొన్ని రోజులు పట్టింది. చివరికి భార్య వచ్చి గుర్తుపట్టింది. అతని పేరు కుర్రి నూకరాజు. నలభై ఏళ్ల వయసు. పిఠాపురం దివాను గారి దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు.

బంట్రోతును చంపి ముక్కలు చేసి రైలెక్కించాల్సినంత అవసరం ఎవరికి వచ్చింది? జవాబు అతని ఇంట్లోనే దొరికింది. దాదాపు యాభై ఉత్తరాలు, చీటీలు. అన్నిటి మీదా దివాను గారి కూతురి సంతకమే. ఆమె, ఆమె భర్త పాకాల నారాయణస్వామి కొంతకాలం బరంపురంలో ఉండి, 1933 ప్రాంతంలో పిఠాపురం తిరిగొచ్చి పుట్టింట్లోనే మకాం పెట్టారు. చేతిలో డబ్బాడని రోజులు. 1936లో ఆమె నూకరాజు దగ్గర కొద్ది కొద్దిగా చేబదుళ్లు తీసుకుంది. అన్నీ కలిపితే 3,000 రూపాయలు తేలాయి. వడ్డీ ఏడాదికి నూటికి పద్దెనిమిది, మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి రూపాయిన్నర. అసలు అలా ఉంచితే వడ్డీయే ఏడాదికి 540 రూపాయలు.

ఈ అప్పు దగ్గర కాసేపు ఆగాలి. దివాను అంటే సంస్థానంలో రాజా తర్వాత రాజా అంతటివాడు. ఆయన ఇంటి ముందు నిలబడే బంట్రోతు ఆయన అమ్మాయికి అప్పిచ్చాడు. పగలు ‘అమ్మగారూ’ అని వంగి నిలబడే మనిషి, రాత్రి ఇంటికెళ్లి ఆ అమ్మగారి చీటీలు లెక్కబెట్టుకుంటాడు. ఇచ్చేటప్పుడు గౌరవం, అడిగేటప్పుడు మొహమాటం, ఎగ్గొట్టడానికి అహం. ఈ మూడూ కలిసిన అప్పు ఊళ్లో ఎవరిదైనా ప్రమాదమే. నూకరాజు మాత్రం ఒక తెలివైన పని చేశాడు. ఒక్క చీటీ కూడా పారేయలేదు.

తర్వాత ఆ దంపతులు మళ్లీ బరంపురం చేరారు. 1937 మార్చి 20, శనివారం నూకరాజుకో ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. బరంపురం రమ్మని దాని సారాంశం. దాన్ని భార్యకు చూపించి, నారాయణస్వామి భార్య రమ్మని రాసింది, బాకీ తీర్చుతారట, వెళ్లొస్తానని చెప్పాడు. ఆదివారం ఇల్లు వదిలి బరంపురం బండికి వెళ్లాడు. మంగళవారం పూరీలో తేలాడు.

పోలీసులు బరంపురంలో ఆరా తీశారు. ట్రంకు అక్కడి దుకాణంలో నారాయణస్వామి తరఫున కొన్నదేనన్నారు. దాన్ని ఆయన ఇంటి నుంచి స్టేషనుకు చేర్చిన జట్కావాడు దొరికాడు. అరెస్టు చేయకముందే పోలీసులు నారాయణస్వామిని ప్రశ్నించారు. నూకరాజు 21 సాయంత్రం మా ఇంటికి వచ్చిన మాట నిజమే, రాత్రి బయటి గదిలో పడుకున్నాడు, మర్నాడు సాయంత్రం ప్యాసింజరులో వెళ్లిపోయాడు అన్నాడాయన.

నారాయణస్వామితో పాటు ఆయన భార్య, బావమరిది, ఇంట్లోనే ఉండే గుమస్తా కూడా ముద్దాయిలయ్యారు. మేజిస్ట్రేటు ముందు కేసు నిలబడలేదు. సాక్ష్యం చాలదని నలుగురినీ వదిలేశాడు. బరంపురం సెషన్స్ జడ్జి ఊరుకోలేదు. రికార్డు తెప్పించుకుని చూసి, నలుగురూ విచారణ ఎదుర్కోవాల్సిందేనని 1937 జులైలో ఉత్తర్వు ఇచ్చాడు. విచారణ ముగిశాక హత్యానేరం నారాయణస్వామి ఒక్కడి మీదే నిలిచింది. ఉరిశిక్ష పడింది.

అప్పీలు మద్రాసుకు పోలేదు, పాట్నాకు పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం ఉన్న గంజాం మద్రాసు నుంచి విడిపోయి అందులో కలిసింది. ఒడిషాకు సొంత హైకోర్టు 1948లో గానీ రాలేదు. అందుకే తెలుగు బంట్రోతు హత్య కేసును గంగ ఒడ్డున కూర్చున్న జడ్జీలు విన్నారు. వాళ్లూ ఉరినే ఖాయం చేశారు. ఇక మిగిలింది లండన్.

రాజు గారికి సలహా

ప్రీవీ కౌన్సిల్ న్యాయ సంఘం పేరుకు కోర్టు కాదు. రాజు గారికి సలహా చెప్పే సంఘం. డౌనింగ్ వీధిలో, ప్రధానమంత్రి ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న గదిలో లార్డులు మామూలు దుస్తుల్లో కూర్చునేవారు. నల్ల గౌన్లు, విగ్గులు ప్లీడర్లకే. తీర్పు చివర ‘శిక్ష ఖాయం’ అని ఉండదు, అప్పీలు కొట్టివేయాలని రాజు గారికి సవినయంగా సలహా ఇస్తున్నామని ఉంటుంది. క్రిమినల్ కేసుల్లో వాళ్ల తలుపు అంత సులువుగా తెరుచుకునేది కాదు. న్యాయసూత్రాలకే ముప్పు వచ్చిందనిపిస్తే తప్ప ప్రత్యేక అనుమతి దొరికేది కాదు. నారాయణస్వామికి దొరికింది.

తీర్పు రాసిన లార్డ్ అట్కిన్‌ను చాలామంది ఒక నత్త వల్ల గుర్తుపెట్టుకుంటారు. 1932లో జింజర్ బీరు సీసాలో నత్త వచ్చిందంటూ ఒక స్కాట్లండ్ స్త్రీ వేసిన దావాలో, సరుకు తయారుచేసినవాడికి దాన్ని వాడేవాళ్ల పట్ల బాధ్యత ఉంటుందని తేల్చింది ఆయనే. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టి, వేల్స్‌లో పెరిగాడు. 1935లో వుల్మింగ్టన్ కేసు విన్న బెంచీలోనూ ఉన్నాడు. డోర్సెట్‌లో 21 ఏళ్ల కూలీ ఒకడు, పుట్టింటికి వెళ్లిపోయిన తన పదిహేడేళ్ల భార్యను కాల్చి చంపాడన్న కేసు అది. తుపాకీ పొరపాటున పేలిందన్నాడతను. పొరపాటని రుజువు చేసుకోవాల్సింది నువ్వే అన్నాడు కింది జడ్జి. ఉరి పడింది. నేరం రుజువు చేయాల్సిన భారం ఎప్పుడూ ప్రాసిక్యూషన్‌దే అని హౌస్ ఆఫ్ లార్డ్స్ అతన్ని విడిపించింది. అలాంటి బెంచీలో కూర్చున్న మనిషి కాబట్టి నారాయణస్వామి ప్లీడర్లకు ఆశ ఉండే ఉంటుంది.

వాళ్లు రెండు అభ్యంతరాలు తెచ్చారు. ఒకటి, ‘బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నా’ అని నూకరాజు చెప్పినట్టు భార్య ఇచ్చిన సాక్ష్యం చెల్లదు. అది ఒకరి నోట విన్నమాట. చెప్పినవాడు చచ్చిపోయాడు, అతన్ని బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేసే దారి లేదు. రెండు, నారాయణస్వామి పోలీసులతో అన్న మాటలను సాక్ష్యంగా తీసుకోవడం చట్టవిరుద్ధం.

మొదటి అభ్యంతరం ఇంగ్లండ్‌లో అయితే గెలిచేది. ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. అప్పటికి అరవై ఏళ్ల కిందట లండన్లోనే అలాంటి కేసు నడిచింది.

హారియట్ చెప్పిన మాట

హెన్రీ వెయిన్‌రైట్ లండన్ వైట్‌చాపెల్‌లో బ్రష్షుల వ్యాపారి. పైకి పెద్దమనిషి. ఇంట్లో భార్యాపిల్లలు. మరోచోట హారియట్ లేన్ అనే స్త్రీతో ఇంకో సంసారం. వ్యాపారం దెబ్బతిని ఆమె ఖర్చు బరువైంది. 1874 సెప్టెంబరులో ఒకనాడు ఆమె బస నుంచి బయల్దేరింది. వైట్‌చాపెల్ రోడ్డులో 215 నంబరుకు, అంటే వెయిన్‌రైట్ గోదాముకు వెళ్తున్నానని చెప్పింది. మళ్లీ కనబడలేదు.

ఏడాది తర్వాత గోదాము అతని చేయి జారిపోయే పరిస్థితి వచ్చింది. నేల కింద పాతిపెట్టినదాన్ని తీసి, ముక్కలు చేసి, గుడ్డల్లో మూటలు కట్టాడు. 1875 సెప్టెంబరు 11న వాటిని మోయడానికి ఆల్ఫ్రెడ్ స్టోక్స్ అనే పాత పనివాణ్ణి తోడు పిలిచాడు. మూటలు స్టోక్స్‌కు అప్పగించి బండి తేవడానికి వెళ్లాడు. కంపు భరించలేక స్టోక్స్ మూట విప్పి చూశాడు. మనిషి చెయ్యి! యజమాని బండి తెచ్చాక ఏమీ ఎరగనట్టు మూటలు ఎక్కించాడు. బండి కదిలింది. స్టోక్స్ దాని వెనకే పరుగు లంకించుకున్నాడు. లండన్ వీధుల్లో ఆయాసపడుతూ, కనిపించిన పోలీసులకల్లా చెబుతూ, థేమ్స్ అవతలి దాకా పరిగెత్తాడు. చివరికి అవతలి ఒడ్డున ఇద్దరు కానిస్టేబుళ్లు అతని మాట విన్నారు. బ్రిటిష్ నేర చరిత్రలో డిటెక్టివ్‌ల పేర్లు చాలానే వినిపిస్తాయి గానీ, నన్నడిగితే ఆ పరుగు ముందు అవన్నీ దిగదుడుపే.

ఓల్డ్ బెయిలీలో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ముందు విచారణ జరిగింది. ‘215 నంబరుకు వెళ్తున్నా’ అని హారియట్ ఆఖరి రోజు అన్న మాటను ప్రాసిక్యూషన్ సాక్ష్యంలో పెట్టబోయింది. కుదరదన్నాడు కాక్‌బర్న్. అది ఆమె ఉద్దేశం మాత్రమే, వెళ్లి ఉండొచ్చు, వెళ్లకపోయి ఉండొచ్చు. హత్య కేసుల్లో ఇంగ్లండ్ చట్టం చనిపోయినవాళ్ల మాట వినేది ముఖ్యంగా ఒక్క సందర్భంలో. చెప్పేనాటికి తనకు చావు తప్పదని, ఇక ఆశ లేదని ఆ మనిషికి గట్టిగా తెలిసి ఉండాలి. చావబోయే మనిషి అబద్ధమాడడని నమ్మకం. హారియట్ ఆ రోజు చావబోతున్నానని అనుకోలేదు కదా! ఆమె గొంతు జ్యూరీ చెవిన పడలేదు. మిగతా సాక్ష్యం బలంగా ఉంది కాబట్టి వెయిన్‌రైట్ తప్పించుకోలేదు. 1875 డిసెంబరు 21న న్యూగేట్ జైల్లో ఉరితీశారు.

హారియట్ మాటకు, నూకరాజు మాటకు తేడా ఏముంది? ‘ఫలానా చోటికి వెళ్తున్నా’ అని ఇద్దరూ బయల్దేరేముందు చెప్పిందే. ఇద్దరికీ చావు మీద ధ్యాస లేదు. నూకరాజయితే బాకీ వసూలవుతుందని సంతోషంగానే వెళ్లి ఉంటాడు. అయినా ఆమె మాట చెల్లలేదు, అతని మాట చెల్లింది. కారణం అట్కిన్ దయాగుణం కాదు. 1872లో ఒక ఇంగ్లిషువాడు మన కోసం రాసిపెట్టిన సాక్ష్య చట్టంలోని 32వ సెక్షన్.

స్టీఫెన్ చేతి రెండు పనులు

జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1869 నుంచి 1872 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లా మెంబరు. రచయిత్రి వర్జీనియా వూల్ఫ్‌కు పెదనాన్న. ఇంగ్లండ్ సాక్ష్య న్యాయం అంటే అప్పటికి వందల తీర్పుల చిక్కుముడి. దాన్ని విప్పి, వరస పేర్చి, కొన్నిచోట్ల ధైర్యంగా మార్చి, 167 సెక్షన్ల చట్టంగా దించాడు. చచ్చిపోయిన మనిషి తన చావుకు దారితీసిన పరిస్థితుల గురించి ఏం చెప్పినా సాక్ష్యమే, చెప్పేనాటికి చావు భయం ఉన్నా లేకపోయినా సరే అన్నాడు. ఇంగ్లండ్ ఒప్పుకోని మాట ఇది. స్వదేశం వెళ్లాక అక్కడి కోసం కూడా ఒక సాక్ష్య బిల్లు తయారుచేశాడు. పార్లమెంటులో అది గట్టెక్కలేదు. ఏలికలు తాము వద్దనుకున్న మందును మనకు పట్టారనుకోవచ్చు, ఈ మందు మాత్రం మంచిదే. చనిపోయినవాళ్ల మాటను ఇంత ధారాళంగా కోర్టులోకి రానివ్వడం ఇంగ్లండ్‌కు 2003 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టంతో గానీ సాధ్యపడలేదు.

ఇంత గొప్ప చట్టం రాసినాయన జడ్జిగా ఎలా ముగిశాడో కూడా చెప్పుకోవాలి. 1889లో లివర్‌పూల్‌లో ఫ్లారెన్స్ మేబ్రిక్ అనే అమెరికన్ యువతి మీద కేసు ఆయన ముందుకొచ్చింది. పత్తి వ్యాపారి అయిన భర్తకు విషం పెట్టిందని ఆరోపణ. ఈగల కాగితాలు నీళ్లలో నానబెట్టి ఆర్సెనిక్ తీసిందన్నారు. అందం కోసం నానబెట్టుకున్నానంది ఆమె. భర్తకు ఆర్సెనిక్ మందులాగా మింగే అలవాటు ముందునుంచే ఉందని సాక్షులు చెప్పారు. ఆమెకు పరాయి పురుషుడితో సంబంధం ఉందన్నది మాత్రం తేలింది. అప్పటికే స్టీఫెన్ ఆరోగ్యం పాడైంది, ఆలోచన తడబడుతోంది. జ్యూరీకి రెండు రోజులపాటు కేసు వివరించాడు. పోనుపోను అది విషం గురించి కాక, ఆమె నడత గురించిన ఉపన్యాసమైంది. జ్యూరీ గంటలోపే దోషి అని తేల్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఉరి యావజ్జీవంగా మారింది. 1904లో గానీ ఆమె బయటికి రాలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ముద్దాయి ప్రమాణం చేసి తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, అది 1898 దాకా రాలేదు. పైకోర్టుకు క్రిమినల్ అప్పీలు 1907 దాకా లేదు. స్టీఫెన్ 1891లో పదవి వదులుకున్నాడు. చట్టాలు రాసిన చెయ్యి, ఆ చట్టం అవసరమైన మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు వణికింది.

పోలీసుల చెవిలో పడిన మాట

నారాయణస్వామి రెండో అభ్యంతరానికి వద్దాం. నిజానికి ఈ కేసు అసలు మహత్యం ఇక్కడుంది.

పోలీసు ముందు నేరం ఒప్పుకుంటే అది చెల్లదని మనవాళ్లందరికీ తెలుసు. సినిమాల పుణ్యమా అని పిల్లలకూ తెలుసు. దాని వేరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉందన్నది అంతగా ప్రచారంలో లేదు. శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారని గోల లేవడంతో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. 1855లో నివేదిక వచ్చింది. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి కట్టేసి ఎండలో నిలబెట్టడం, అన్నీ అందులోకి ఎక్కాయి. అప్పట్లో శిస్తు, పోలీసు అధికారాలు రెండూ తహసీల్దారు చేతిలోనే ఉండేవి. డబ్బు రాబట్టే పద్ధతి, ఒప్పుకోలు రాబట్టే పద్ధతి ఒకటే. ఆ తర్వాత 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోలీసు ముందు ఒప్పుకోలును కొట్టిపారేసింది. స్టీఫెన్ దాన్నే తన చట్టంలో 25, 26, 27 సెక్షన్లుగా పెట్టాడు. ఎండలో తిరిగి సాక్ష్యం వెతకడం కంటే నీడన కూర్చుని అనుమానితుడి కళ్లలో కారం పెట్టడం హాయి అని భారతదేశంలో ఒక అధికారి తనతో అన్న సంగతి కూడా ఆయన ఒకచోట రాసుకున్నాడు.

నారాయణస్వామి ఒప్పుకోలేదు కదా? వచ్చాడు, పడుకున్నాడు, వెళ్లాడు అన్నాడంతే. ప్రాసిక్యూషన్ దాన్నే పట్టుకుంది. ఇది నేరాంగీకారం కాదు కాబట్టి 25వ సెక్షన్ అడ్డు రాదు. హతుడు మా ఇంటికి వచ్చాడని తనే చెప్పాడు కాబట్టి అది మాకు పనికొస్తుంది అంది. డిఫెన్స్ తరఫున స్టీఫెన్ పుస్తకాన్నే ముందుకు తెచ్చారు. నేరం చేశాడని సూచించే ఏ మాటైనా నేరాంగీకారమే అని ఆయన ఒకచోట నిర్వచించాడు. అట్కిన్ దాన్ని తోసిపుచ్చాడు. నేరాంగీకారం అంటే నేరాన్ని సూటిగానైనా ఒప్పుకోవాలి, లేదా నేరం పూర్తయ్యేందుకు కావాల్సిన సంగతులన్నీ దాదాపుగా ఒప్పుకోవాలి. హత్యకు వాడిన కత్తి నాదే, నా దగ్గరే ఉంది అన్నా సరే, అదొక్కటే నేరాంగీకారం అయిపోదు.

ఇక్కడితో నారాయణస్వామి ఓడినట్టే కనిపిస్తుంది. అట్కిన్ ఒక పేజీ తిప్పాడు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ ఏమంటోంది? దర్యాప్తు నడుస్తుండగా ఎవరైనా పోలీసుకు చెప్పిన మాట విచారణలో సాక్ష్యంగా వాడరాదు. ఎవరైనా అంటే సాక్షులేనని కొన్ని హైకోర్టులు, ముద్దాయి కూడానని మరికొన్ని హైకోర్టులు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నాయి. ఎవరైనా అంటే ఎవరైనానే, తర్వాత ముద్దాయి కాబోయేవాడితో సహా, అని అట్కిన్ తేల్చాడు. నారాయణస్వామి పోలీసులతో అన్న మాటలు కింది కోర్టు చూడకుండా ఉండాల్సింది.

మరి శిక్ష రద్దయిందా? లేదు. ఆ మాటలు తీసేసినా ట్రంకు ఉంది, జట్కావాడు ఉన్నాడు, యాభై చీటీలు ఉన్నాయి. అన్నిటికీ మించి నూకరాజు భార్య ఉంది. చనిపోయినవాడు ఏ చోట చనిపోయాడో ఆ చోటికే వెళ్తున్నానని, ఎందుకు వెళ్తున్నాడో, ఎవర్ని కలవబోతున్నాడో చెప్పిన మాటలు అతని చావుకు దారితీసిన పరిస్థితుల్లో భాగమే అన్నాడు అట్కిన్. 1939 జనవరి 19న అప్పీలు కొట్టివేయాలని రాజు గారికి సలహా వెళ్లింది.

ఈ తీర్పు మీద నా అభిప్రాయం ఒకటుంది. ఉరికంబం అంచున నిలబడ్డ మనిషి వాదనలో సగం నిజమని ఒప్పుకుని కూడా అతన్ని వదలకపోవడం చూడ్డానికి క్రూరంగా ఉంటుంది. కానీ నారాయణస్వామి గెలుచుకున్న ఆ సగం, ఆయన తర్వాత పోలీసు స్టేషన్ మెట్లెక్కిన వేలమందికి అక్కరకొచ్చింది. ఆయనకు మాత్రం రాలేదు. ఇక నూకరాజు సంగతి. ఎనభై ఏళ్లకు పైగా ఈ కేసును అందరూ నారాయణస్వామి పేరుతోనే పిలుస్తున్నారు. పోలీసు రాసుకున్న మాటను బయటే ఆపి, ఊరి బంట్రోతు పెళ్లాంతో చెప్పుకున్న మాటను లోపలికి పిలిచిన తీర్పు అది. మరణ వాంగ్మూలం పాఠం చెప్పేటప్పుడు ఆ బంట్రోతు పేరు కూడా చెబితే లెక్చరర్ల సొమ్మేం పోదు.

గడ్డివాములో ఈటె

అట్కిన్ తీర్పు కొత్త తలనొప్పి తెచ్చింది. పోలీసుకు చెప్పిన మాట ఏదీ చెల్లదంటే 27వ సెక్షన్ గతేమిటి? ముద్దాయి చెప్పిన దాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు అతని మాట చెల్లుతుందన్నది ఆ సెక్షన్. కోర్టులు అయోమయంలో పడ్డాయి. 1941లో చట్టం సవరించి, 162 వల్ల 27కు ఢోకా లేదని రాసుకున్నారు. పోలీసులకు ముందు తలుపు మూస్తే పక్క తలుపు తెరిచినట్టయింది. ఆ పక్క తలుపు ఎంత వెడల్పో తేల్చింది కూడా తెలుగు కేసే.

గుంటూరు జిల్లాలో ఒక ఊరు. రెండు ముఠాలు. ఒక ముఠా కాపు కాసి రెండో ముఠా వాళ్ల మీద పడింది. పొద్దుగూకే వేళ, చెరువు మూల. రాయలసీమ, పల్నాడు కథలు చదివినవాళ్లకు కొత్తేం కాదు. గుంటూరు సెషన్స్ కోర్టు శిక్షలు వేసింది, మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. పులుకూరి కోటయ్య, మరికొందరు లండన్‌కు అప్పీలు చేసుకున్నారు.

ముద్దాయిల్లో ఒకడు పోలీసులతో చెప్పినట్టు రాసిన మాటల సారం ఇది: మేమంతా కాపు కాసి కొట్టి చంపాం, ఈటెను, నా కర్రను ఊళ్లో ఫలానా ఆయన గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను. పోలీసులు వెళ్లారు, గడ్డివాములో దొరికాయి. దొరికాయి కాబట్టి మొత్తం వాంగ్మూలం చెల్లుతుందని ప్రాసిక్యూషన్ వాదన. 1937లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఇలాంటి వెసులుబాటే ఇచ్చింది.

బొంబాయి హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లిన సర్ జాన్ బోమాంట్ 1946 డిసెంబరులో తీర్పు చెప్పాడు. దొరికింది ఏమిటి? ఈటె ఒక్కటే కాదు, అది ఫలానా గడ్డివాములో ఉందన్న సంగతి, అక్కడుందని ఇతనికి తెలుసన్న సంగతి. అంతవరకే చెల్లుతుంది. దానితో చంపాం అన్న ముక్క గడ్డివాములో దొరకలేదు. అది చెల్లదు. వాంగ్మూలాన్ని రెండుగా కోయాలి. మద్రాసు ఫుల్ బెంచి చెప్పింది తప్పు. ఒప్పుకోలు తీసేసి, మిగిలిన సాక్ష్యం శిక్షకు సరిపోతుందో లేదో చూడమని కేసును తిరిగి మద్రాసుకు పంపారు.

గడ్డివాము తెలియని లార్డులు గడ్డివాము గురించి ఇంత సూక్ష్మంగా ఆలోచించారంటే మెచ్చుకోవాల్సిందే. సూక్ష్మం ఎంత ఉన్నా పోలీసులు దానికి మించి నేర్చుకున్నారు. ఇవాళ ఏ సెషన్స్ కోర్టులోనైనా మధ్యవర్తుల నివేదిక చదివి చూడండి. ముద్దాయి స్వచ్ఛందంగా ముందుకొచ్చి, నా వెంట వస్తే కత్తి చూపిస్తానన్న వాక్యం కేసు మారినా మారదు. ఒకే చేతి రాత, ఒకే తాలూకు మధ్యవర్తులు. కోటయ్య తీర్పు చెప్పిన గీత ఎక్కడుందో దర్యాప్తు అధికారులకు బాగా తెలుసు. ఆ గీతకు ఇవతల సరిగ్గా సరిపోయేట్టు రాయడమూ తెలుసు.

తర్వాత

1949 అక్టోబరు 10తో భారతదేశం నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు కొత్త అప్పీళ్లు ఆగిపోయాయి. తీర్పులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. 1952లో పల్వీందర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు నేరాంగీకారానికి అట్కిన్ చెప్పిన అర్థాన్నే తీసుకుంది. విచిత్రమేమంటే ఆ కేసులోనూ శవం ట్రంకు పెట్టెలోనే ఉంది. పంజాబులో ఒక బావిలో దొరికింది. కౌర్ చెప్పినదాన్ని ముక్కలు చేసి, కావాల్సిన ముక్కనే పట్టుకుని శిక్ష వేయకూడదని ఆమెను విడుదల చేశారు. 1984లో శరద్ సార్దా కేసులో, చనిపోయిన ఇల్లాలు సోదరికి, స్నేహితురాలికి రాసిన ఉత్తరాలను చూడొచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు కోర్టు మళ్లీ నూకరాజు దగ్గరికే వెళ్లింది. చూడొచ్చంది, హత్యకే కాదు ఆత్మహత్యకూ ఇది వర్తిస్తుందంది. వరకట్న మరణాల కేసుల్లో అమ్మానాన్నలతో ఫోన్లో చెప్పుకున్న మాటలు ఇవాళ కోర్టులోకి వస్తున్నాయంటే దారి వేసింది పిఠాపురం ఇల్లాలే.

2024 జులై 1 నుంచి సెక్షన్ల నంబర్లు మారాయి. 32 ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 26. 27వ సెక్షన్ విడిగా లేదు, 23కు తోకగా చేరింది. 162 కాస్తా భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 181 అయింది. సారం మారలేదు.

181లో ఒక ముక్క మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. దర్యాప్తులో పోలీసులు మీ మాటలు రాసుకోవచ్చు. ఆ కాగితం మీద మీరు సంతకం పెట్టనక్కర్లేదు. పెట్టించుకోవడమే చట్టానికి విరుద్ధం. ఎవరైనా కాగితం ముందుకు తోసి సంతకం పెట్టమంటే, అది ఏ సెక్షన్ కింద రాసిన కాగితమో అడగండి.